నీలం రంగు ఎవరిది? టెక్నీషియం అంటించిన ఐరన్ ఆక్సైడ్ పార్టికల్స్ మీద ఎంజైమ్ టెస్ట్: ఒక హాట్ ల్యాబ్ కేసు

న్యూక్లియర్ మెడిసిన్‌లో కేస్ స్టడీ అంటే అందరూ పేషెంట్ స్కానే అనుకుంటారు, కానీ రేడియోఫార్మసీలో, అంటే రేడియో యాక్టివ్ మందులు తయారుచేసే హాట్ ల్యాబ్‌లో, పనిచేసేవాళ్ళకి పేషెంట్ దాకా వెళ్ళకముందే వయల్ లోపల జరిగే కేసులు చాలా ఉంటాయి, వాటి గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకైతే పెద్దగా కనపడలేదు. ఇది అలాంటి కేసు. పేషెంట్ ఎవరూ లేరు. ఒక వయల్, ఒక క్యువెట్ (రంగు కొలిచే చిన్న పాత్ర), కొంచెం టెక్నీషియం (స్కాన్లకి వాడే రేడియో యాక్టివ్ లోహం), "రేడియేషన్ తగిలితే ఎంజైమ్ యాక్టివిటీ ఆగిపోతోంది, రేడియేషన్ పోయాక మళ్ళీ వస్తోంది" అని చాలా నమ్మకంగా చెప్తున్న ఒక డేటా సెట్. ఆ డేటా తప్పు కాదు, రీడింగులన్నీ నిజమే. వాటికి చెప్పుకున్న కారణమే నిలబడలేదు. అది ఎలా తేలిందో మొత్తం రాస్తున్నా, ఎందుకంటే ఇప్పుడు నానోజైమ్ (ఎంజైమ్ లాగా పనిచేసే నానోపార్టికల్) అనే మాట ప్రతి రెండో థీసిస్‌లో ఉంటోంది, దానికి రేడియో ఐసోటోప్ కూడా అంటించేవాళ్ళు పెరుగుతున్నారు.

ముందు కాస్త బ్యాక్‌గ్రౌండ్. మనకి అలవాటైన కథలో ఎంజైమ్ పేషెంట్ ఒంట్లో ఉంటుంది, ట్రేసర్ దానికి దొరుకుతుంది. ఎఫ్‌డీజీ (గ్లూకోజ్ లాంటి రేడియో యాక్టివ్ ట్రేసర్) పెట్ స్కాన్ పనిచేసేదే అలాగ, హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, తర్వాత అది గ్లూకోజ్ లాగా ముందుకి పోలేక సెల్‌లోనే ఉండిపోతుంది, మనం ఆ వెలుగు చూస్తాం. ఇక్కడ కథ తిరగబడింది, ఇమేజింగ్‌కి వాడే పదార్థమే ఎంజైమ్ లాగా ప్రవర్తించడం. 2007లో బీజింగ్‌లో చైనీస్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ బయోఫిజిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో యాన్ షీయున్ గారి టీమ్, మాగ్నెటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ నానోపార్టికల్స్‌కి పెరాక్సిడేజ్ (హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో వేరే పదార్థాల్ని ఆక్సిడైజ్ చేసే ఎంజైమ్) లాంటి గుణం సొంతంగా ఉందని నేచర్ నానోటెక్నాలజీలో చూపించారు. అప్పటిదాకా ఐరన్ ఆక్సైడ్ అంటే ఎంఆర్ఐ కాంట్రాస్ట్‌కి, మాగ్నెట్‌తో లాగడానికి పనికొచ్చే పొడి, కెమిస్ట్రీ పరంగా ఊరికే కూర్చునేది అనుకునేవాళ్ళు. వాళ్ళు హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే అసలు ఎంజైమ్‌కి వాడే సబ్‌స్ట్రేట్లే (అది మార్చే పదార్థాలే) దీనికీ ఇచ్చారు, రంగు వచ్చింది. 2012లో అదే వైపు నుంచి వచ్చిన ఇంకో పని నాకు ఇంకా ఇష్టం: ఫెరిటిన్ ప్రోటీన్ గూడులో ఐరన్ ఆక్సైడ్ పెంచి, ట్యూమర్ టిష్యూ ముక్కల్ని ఆ రంగుతోనే గుర్తుపట్టడం. యాంటీబాడీ అక్కర్లేదు, విడిగా ఎంజైమ్ అక్కర్లేదు, పార్టికలే రెండు పనులూ చేసింది.

ఇమేజింగ్ ప్రపంచంలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మాంగాఫోడిపిర్ అని లివర్ ఎంఆర్ఐకి మాంగనీస్ కాంట్రాస్ట్ ఒకటి ఉండేది, టెస్లాస్కాన్ పేరుతో అమ్మేవాళ్ళు, దానికి సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ లాంటి గుణం ఉందని చాలా పేపర్లు వచ్చాయి. ప్రష్యన్ బ్లూ సంగతి సరే సరి, సీజియం-137 గానీ థాలియం గానీ ఒంట్లోకి పోతే మన ఫీల్డ్‌లో ఇచ్చే మందు అది, అమెరికాలో ఎఫ్‌డీఏ 2003లో అప్రూవ్ చేసింది, దాని నానోపార్టికల్స్‌కి పెరాక్సిడేజ్, కాటలేజ్, డిస్మ్యుటేజ్ మూడు రకాల గుణాలూ కనపడతాయి. ఫెరుమాక్సిటాల్, అంటే కిడ్నీ పేషెంట్లకి ఐరన్ తక్కువైతే ఎక్కించే ఇంజెక్షన్, 2009లో అప్రూవ్ అయింది, అదీ ఐరన్ ఆక్సైడే, దాన్ని కొందరు జిర్కోనియం-89 అనే రేడియో ఐసోటోప్‌తో లేబుల్ చేసి (అంటే దాన్ని అంటించి) పెట్ స్కాన్‌కి కూడా వాడి చూసారు. కాబట్టి సబ్జెక్ట్ గాలిలోంచి పుట్టింది కాదు.

ఇక కేసు.

హైదరాబాద్‌లో మా హాట్ ల్యాబ్‌కి ఒక యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి వచ్చేది. వాళ్ళ ఐడియా బాగుంది: బ్రెస్ట్ కాన్సర్‌లో సెంటినల్ నోడ్ (కాన్సర్ మొదట పాకే లింఫ్ నోడ్) వెతకడానికి ఐరన్ ఆక్సైడ్ పార్టికల్స్‌కి టెక్నీషియం-99ఎం అంటిస్తే, గామా ప్రోబ్‌తోనూ దొరుకుతుంది, ఎంఆర్ఐలోనూ కనపడుతుంది, తీసిన నోడ్‌ని పెథాలజీలో పెరాక్సిడేజ్ రంగుతో చూసి పార్టికల్ ఎక్కడ ఆగిందో కూడా చెప్పొచ్చు. మూడో భాగం కోసం లేబుల్ చేసాక కూడా ఎంజైమ్ గుణం మిగిలి ఉందా లేదా తేల్చాలి. అందుకని టీఎంబీ టెస్ట్. ఎలైజా చేసినవాళ్ళందరికీ తెలిసిన సరుకే, పెరాక్సైడ్ ఉన్నప్పుడు పెరాక్సిడేజ్ తగిలితే రంగులేని టీఎంబీ నీలంగా మారుతుంది, 652 నానోమీటర్ల దగ్గర చదువుతాం.

వాళ్ళ పద్ధతి ఇలా ఉంది. ఒక మిల్లీగ్రామ్ ఐరన్ ఉన్న పార్టికల్స్ ఒక మి.లీ. నీళ్ళలో, అందులో 100 మైక్రోగ్రాముల స్టానస్ క్లోరైడ్ డైహైడ్రేట్ (టెక్నీషియంని అంటుకునే రూపానికి దించే టిన్ ఉప్పు), స్టానస్ పాడవకుండా అర మిల్లీగ్రామ్ ఆస్కార్బిక్ యాసిడ్, తర్వాత జెనరేటర్ (టెక్నీషియం తీసే పరికరం) నుంచి తీసిన పెర్‌టెక్నిటేట్, అంటే ఇంకా దేనికీ అంటుకోని టెక్నీషియం, సుమారు 1 గిగాబెకరెల్. పావుగంట ఆగి ఐటీఎల్‌సీ స్ట్రిప్ (అంటుకోని పెర్‌టెక్నిటేట్‌ని పైకి తీసుకుపోయే కాగితం లాంటి పట్టీ) మీద అసిటోన్‌లో నడిపితే రేడియో యాక్టివిటీ దాదాపు అంతా కిందే, చుక్క పెట్టిన చోటే ఉంది. అంటే ఫ్రీ పెర్‌టెక్నిటేట్ లేదు, లేబులింగ్ సక్సెస్ అని రాసుకున్నారు. తర్వాత దీంట్లోంచి 20 మైక్రోలీటర్లు తీసి పీహెచ్ 4 దగ్గర ఎసిటేట్ బఫర్‌లో, టీఎంబీ 0.8 మిల్లీమోలార్, పెరాక్సైడ్ 530 మిల్లీమోలార్, ఐదో నిమిషంలో ఒక రీడింగ్.

లేబుల్ చేయని పార్టికల్ ఐదు నిమిషాల్లో ముదురు నీలం. లేబుల్ చేసింది నీళ్ళలాగా తెల్లగా. శుక్రవారం లేబుల్ చేసిన అదే వయల్‌ని సీసం కుండలో పెట్టి సోమవారం, అంటే పన్నెండు హాఫ్ లైఫ్‌లు (సగానికి తగ్గే సమయాలు) దాటి రేడియో యాక్టివిటీ నాలుగు వేల వంతుకి పడిపోయాక టెస్ట్ చేస్తే, నీలం వచ్చింది. వాళ్ళ గ్రూప్ మీటింగ్‌లో దీన్ని చాలా ఉత్సాహంగా చూపించారట: రేడియో యాక్టివిటీ ఉన్నంతసేపు కాటలిసిస్ ఆగుతుంది, డికే అయ్యాక తిరిగొస్తుంది, స్విచ్ లాంటి నానోజైమ్. హాట్‌గా ఉన్నప్పుడు లేదు, చల్లారాక ఉంది, ఇంతకంటే ఏం ప్రూఫ్ కావాలి అన్నట్టు ఉంది ఆ స్లైడ్.

ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి "సర్, మెకానిజం ఏం రాయాలో చెప్పండి" అంది. నేను మెకానిజం తర్వాత చూద్దాం అమ్మా, ముందు వయల్‌లో ఎన్ని ఆటమ్స్ ఉన్నాయో లెక్క పెడదాం అన్నాను.

ఈ లెక్క ప్రతి రేడియోఫార్మసిస్టు కళ్ళు మూసుకుని చేయగలగాలి. టెక్నీషియం-99ఎం హాఫ్ లైఫ్ 6 గంటలు. 1 గిగాబెకరెల్ అంటే సెకనుకి వంద కోట్ల డికేలు, వినడానికి భయంకరంగా ఉంటుంది, కానీ ఆటమ్స్‌గా మారిస్తే 52 పికోమోల్స్, బరువు చూస్తే 5 నానోగ్రాములు. ఇంకో విషయం చాలామంది మర్చిపోతారు, జెనరేటర్‌లోంచి 99ఎం ఒక్కటే రాదు, అప్పటికే డికే అయిపోయిన టెక్నీషియం-99 కూడా వస్తుంది, కెమిస్ట్రీ పరంగా రెండూ ఒకటే. 24 గంటలకోసారి ఎల్యూట్ చేస్తుంటే (జెనరేటర్‌లోంచి కడిగి తీస్తుంటే) వచ్చిన మొత్తంలో 99ఎం వాటా 28 శాతమే. వీకెండ్ అంతా వదిలేసి 72 గంటల తర్వాత తీస్తే 8 శాతం కూడా ఉండదు. కాబట్టి ఈ వయల్‌లో మొత్తం టెక్నీషియం 190 పికోమోల్స్ అనుకుందాం. ఐరన్ ఎంత? ఒక మిల్లీగ్రామ్ అంటే దాదాపు 18 మైక్రోమోల్స్. భాగిస్తే, లక్ష ఐరన్ ఆటమ్స్‌కి ఒక టెక్నీషియం ఆటమ్. స్టానస్ సంగతి చూస్తే 0.44 మైక్రోమోల్, అంటే టెక్నీషియం కన్నా రెండు వేల రెట్లు పైన. ఆస్కార్బిక్ యాసిడ్ 2.8 మైక్రోమోల్స్.

ఈ నాలుగు నంబర్లు కాగితం మీద పక్కపక్కన రాసాక ఆ అమ్మాయే కాసేపు చూసి "సర్, మరి లక్షలో ఒకటి ఉన్నది మొత్తం సర్ఫేస్‌ని ఎలా ఆపుతుంది" అంది. కెమిస్ట్రీగా ఆపలేదు. మిగిలింది రేడియేషన్ ఎఫెక్ట్, దాన్నీ లెక్కేయాలి కదా, ఊరికే కొట్టిపారేస్తే ఒప్పుకునేది ఎవరు.

99ఎం వదిలే 140 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్ గామా చాలావరకు ఆ చిన్న వయల్ దాటి బయటికి పోతుంది, అందుకే కదా దాంతో ఫోటో తీయగలుగుతున్నాం. లోపల ఆగేది డికేతో పాటు వచ్చి కొద్ది దూరమే పోయే కన్వర్షన్, ఓజే ఎలక్ట్రాన్ల ఎనర్జీ, డికేకి సుమారు 16 కిలోఎలక్ట్రాన్‌వోల్ట్. ఒక మి.లీ.లో 1 గిగాబెకరెల్ ఉంటే గంటకి 9 గ్రే (గ్రే అంటే పదార్థంలో ఆగిన రేడియేషన్ ఎనర్జీకి కొలత). పూర్తిగా డికే అయ్యేదాకా కలిపితే 80 గ్రే. మనిషికి అది ప్రాణాంతకమైన డోస్, కానీ ఐరన్ ఆక్సైడ్ మనిషి కాదు, ఆపరేషన్ థియేటర్ సామాన్లని గామా స్టెరిలైజేషన్‌లో 25,000 గ్రే దగ్గర పెడతారు. 80 గ్రేకి మాగ్నెటైట్ సర్ఫేస్ దెబ్బతిందని రాస్తే ఏ రివ్యూయరూ ఊరుకోడు. ఒకవేళ దెబ్బతిన్నా, సోమవారానికి దానంతటదే ఎలా బాగుపడుతుంది?

నీళ్ళు రేడియోలిసిస్ అయ్యి (రేడియేషన్‌కి విరిగి) పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్స్ పుడతాయి కదా అని ఇంకో ప్రశ్న వచ్చింది, మంచి ప్రశ్న. 100 ఎలక్ట్రాన్‌వోల్ట్ ఎనర్జీకి పెరాక్సైడ్ 0.7 మాలిక్యూల్, హైడ్రాక్సిల్ 2.7 చొప్పున పుడతాయి. గంటకి 9 గ్రే అంటే పెరాక్సైడ్ 0.7 మైక్రోమోలార్. టెస్ట్‌లో మనం చేత్తో పోసేది 530 మిల్లీమోలార్, అంటే దీనికి ఏడు లక్షల రెట్లు పైన. పైగా క్యువెట్‌లోకి వెళ్ళేది వయల్‌లో యాభయ్యో వంతే. టీఎంబీని మనం డీఎంఎస్ఓ అనే సాల్వెంట్‌లో కరిగించి పోస్తాం, డీఎంఎస్ఓ హైడ్రాక్సిల్ రాడికల్‌ని ఎక్కడ కనపడితే అక్కడ మింగేస్తుంది. అసలు రేడియోలిసిస్ వల్ల ఏమన్నా జరిగితే రంగు పెరగాలి, తగ్గకూడదు. వీళ్ళకి తగ్గింది. కాబట్టి దిశే తప్పు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, రేడియోలిసిస్ ఎప్పుడూ ఇంత చిన్న విషయం కాదు. ఫ్లోరిన్-18ని 10 గిగాబెకరెల్ ఒక మి.లీ.లో పెడితే పాజిట్రాన్ ఎనర్జీ అంతా అక్కడే ఆగిందనుకుంటే గంటకి వెయ్యి గ్రే దాటుతుంది, పెరాక్సైడ్ వంద మైక్రోమోలార్ దాకా పోతుంది. కాన్సర్‌కి ఇచ్చే లుటీషియం-177 డోటాటేట్ ఇంజెక్షన్ మి.లీ.కి 370 మెగాబెకరెల్, 72 గంటల షెల్ఫ్ లైఫ్ పొడుగునా చూస్తే దాదాపు రెండు వేల గ్రే. అందుకే దాంట్లో ఆస్కార్బిక్ యాసిడ్, జెంటిసిక్ యాసిడ్ వేస్తారు. ఐసోటోప్ మారితే ఈ లెక్క మొదటినుంచి మళ్ళీ వేయాల్సిందే, టెక్నీషియం మీద వచ్చిన ఆన్సర్‌ని లుటీషియంకి అంటించకూడదు.

సరే, టెక్నీషియం కాదు, రేడియేషన్ కాదు. మిగిలింది కిట్‌లో వేసిన మామూలు కెమికల్స్. దీనికి చేయాల్సిన పని ఒకటే, వయల్‌కి కోల్డ్ జంట పెట్టడం. అదే పార్టికల్, అదే స్టానస్, అదే ఆస్కార్బిక్ యాసిడ్, అదే పావుగంట, కానీ పెర్‌టెక్నిటేట్ బదులు సెలైన్. రెండు వయల్స్‌నీ ఒకే బెంచ్ మీద, ఒకే ఉష్ణోగ్రతలో, ఒకేసారి తెరిచి మూసి, హాట్‌ది టెస్ట్ చేసిన ప్రతిసారీ కోల్డ్‌దీ టెస్ట్ చేయాలి. శుక్రవారం చేసాం. హాట్ వయల్ ఐదో నిమిషంలో తెల్లగా ఉంది. కోల్డ్ వయల్ కూడా ఐదో నిమిషంలో తెల్లగానే ఉంది. ఒక్క బెకరెల్ కూడా లేని వయల్.

ఆ అమ్మాయి నోట్‌బుక్ మూయబోతుంటే ఆగమన్నాను, రీడింగ్ ఆపొద్దు, అరగంట వదిలేద్దాం, ప్రతి పది సెకన్లకీ ఒక పాయింట్ తీసుకునేలా మిషన్ పెట్టమన్నాను. ఆరు, ఏడు, ఎనిమిది నిమిషాలు గీత నేలమీద పాకుతూనే ఉంది. పది దాటుతుండగా కోల్డ్ క్యువెట్ మూలలో ముందు పొగలాగా నీలం, అక్కడినుంచి గీత ఒక్కసారి పైకి లేచి, లేబుల్ చేయని పార్టికల్ గీతకి దాదాపు సమాంతరంగా పోయింది. హాట్ క్యువెట్ కూడా కాస్త అటూ ఇటూగా అదే టైమ్‌కి లేచింది. ఆ రెండు గీతలు స్క్రీన్ మీద ఒకదాని మీద ఒకటి పడుతుంటే ఆ అమ్మాయి మొహం చూడాలి, స్విచ్ నానోజైమ్ పోయిందన్న బాధ కన్నా అసలు సంగతి కళ్ళముందు కనపడుతోందన్న ఆనందమే ఎక్కువ ఉంది, రీసెర్చ్ చేసేవాళ్ళలో నేను వెతికేది అదే.

జరిగింది ఇది. పార్టికల్ మొదటి సెకను నుంచీ టీఎంబీని ఆక్సిడైజ్ చేస్తూనే ఉంది, పుట్టిన నీలాన్ని పుట్టినట్టే ఆస్కార్బిక్ యాసిడ్ మళ్ళీ రంగులేని టీఎంబీగా మార్చేస్తోంది, చిల్లుకుండలో నీళ్ళు పోస్తున్నట్టు. ఆస్కార్బిక్ అయిపోయేదాకా రంగు నిలబడదు. లెక్క కూడా సరిపోయింది: వయల్‌లో 2.8 మిల్లీమోలార్ ఉంటే క్యువెట్‌లో 57 మైక్రోమోలార్, లేబుల్ చేయని పార్టికల్ స్పీడ్ 652 దగ్గర నిమిషానికి 0.2 లెక్కన, మోలార్ అబ్సార్ప్టివిటీ (రంగుని మోతాదులోకి మార్చే అంకె) 39,000 పెట్టి భాగిస్తే నిమిషానికి 5 మైక్రోమోలార్ చిల్లర. 57ని దాంతో భాగిస్తే పదకొండు నిమిషాలు. గీత లేచింది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. అంటే అది ఇన్‌హిబిషన్ కాదు, ఆలస్యం. ఐదో నిమిషంలో ఒకే ఒక్క రీడింగ్ తీసుకుంటే ఆ రెండింటికీ తేడా తెలిసే దారే లేదు, ఎండ్ పాయింట్ ఒక్కటే చూసే ఎంజైమ్ టెస్టులన్నిటిలోనూ ఉన్న గొయ్యి ఇది.

మరి సోమవారం ఎందుకు తిరిగొచ్చింది? కోల్డ్ జంటని కూడా శని, ఆది వారాలు పక్కనే ఉంచాం కదా, సోమవారం రెండింటిలోనూ ఆలస్యం బాగా తగ్గిపోయింది, ఐదో నిమిషానికే రెండూ నీలం. గాలి తగిలి, పైగా ఐరన్ పక్కనే ఉండి, ఆస్కార్బిక్ యాసిడ్ రెండ్రోజుల్లో తనంతట తానే ఆక్సిడైజ్ అయిపోయింది. టెక్నీషియం డికే అవుతున్న అదే గంటల్లో ఆస్కార్బిక్ కూడా పోతోంది, రెండూ ఒకే గడియారం మీద నడిచేసరికి ఒకదాని పని ఇంకోదాని ఖాతాలో పడింది. డికే కంట్రోల్ అనేది రేడియోకెమిస్ట్రీలో చాలా మంచి కంట్రోల్, కానీ పక్కన కోల్డ్ వయల్ కూడా అంతే వయసుది లేకపోతే అది ఏమీ రుజువు చేయదు. నా ఉద్దేశంలో ఈ కేసు మొత్తంలో ముఖ్యమైనది ఇదే.

తర్వాత పార్టికల్స్‌ని మాగ్నెట్‌తో పక్కకి లాగి మూడుసార్లు కడిగి ఆస్కార్బిక్ తీసేసాం. ఆలస్యం మాయమైంది. కానీ స్పీడ్ మాత్రం లేబుల్ చేయని పార్టికల్ కన్నా సుమారు పావు వంతు తక్కువే ఉంది, హాట్‌లోనూ కోల్డ్‌లోనూ ఒకేలా. ఇది నిజమైన తగ్గుదల. దీనికి స్టానసే కారణం అని నా నమ్మకం, న్యూట్రల్ పీహెచ్‌లో స్టానస్ హైడ్రోలైజ్ అయ్యి టిన్ హైడ్రాక్సైడ్ పొరలాగా పార్టికల్ మీద కూర్చుంటుంది, ఆ మేరకి పెరాక్సైడ్ తగలాల్సిన ఐరన్ మూతపడుతుంది. టిన్ సగం వేసిన కోల్డ్ వయల్‌లో తగ్గుదల కూడా తగ్గింది, కాబట్టి వేలు అటే చూపిస్తోంది. ఫాస్ఫేట్ బఫర్‌లో కడిగితే ఇంకా పడిపోతుంది, ఫాస్ఫేట్ ఐరన్ ఆక్సైడ్‌ని గట్టిగా పట్టుకుంటుంది, అందుకని సెలైన్‌తోనే కడగమని చెప్పా. పీహెచ్ 4 దగ్గర కరిగి బయటికొచ్చిన ఐరనే ఈ నీలం అంతా తెస్తోందేమో అన్న డౌట్ కూడా తీర్చుకున్నాం, పార్టికల్స్‌ని అదే బఫర్‌లో అరగంట ఉంచి, ఫిల్టర్ చేసి, ఆ నీళ్ళకి టీఎంబీ పోస్తే లేత నీలం ఛాయ తప్ప ఏమీ లేదు.

ఇంకో విషయం ఉంది, నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది అదే. టెస్ట్ అయిపోయిన హాట్ క్యువెట్‌లోంచి ఒక చుక్క తీసి మళ్ళీ ఐటీఎల్‌సీ మీద నడిపించాను. మొదట్లో యాక్టివిటీ అంతా చుక్క పెట్టిన చోటే ఉంది కదా, ఇప్పుడు ఎక్కువ భాగం స్ట్రిప్ పై చివరకి పోయింది. అంటే పెర్‌టెక్నిటేట్ అయిపోయింది. ఆశ్చర్యం ఏముంది, టెక్నీషియంని స్టానస్‌తో కింది వాలెన్సీకి దించి పార్టికల్‌కి అంటించాం, దాన్ని 530 మిల్లీమోలార్ పెరాక్సైడ్‌లో ముంచితే మళ్ళీ ప్లస్ 7కి ఎక్కి ఊడిపోతుంది. కాబట్టి "లేబుల్ చేసిన పార్టికల్ ఎంజైమ్ యాక్టివిటీ" అని గ్రాఫ్ కింద రాసుకున్న టైమ్‌కి క్యువెట్‌లో లేబుల్ చేసిన పార్టికల్ పెద్దగా లేనే లేదు, పార్టికల్ వేరు, టెక్నీషియం వేరు. టెస్టే తను కొలవాల్సిన వస్తువుని విడగొట్టేసింది.

ఆ స్ట్రిప్‌కి సంబంధించిందే ఇంకో చిక్కు. అసిటోన్‌లో చుక్క దగ్గరే ఉండిపోయిన యాక్టివిటీ అంతా పార్టికల్ మీదే ఉందని గ్యారంటీ లేదు, టిన్ కొల్లాయిడ్‌కి (నీళ్ళలో విడిగా తేలే సన్నటి టిన్ రేణువులకి) అంటుకున్న టెక్నీషియం కూడా అక్కడే ఉంటుంది, స్ట్రిప్‌కి ఆ రెండూ ఒకటే. వయల్ పక్కన నియోడిమియం మాగ్నెట్ పెట్టి పార్టికల్స్ గోడకి చేరాక పైన తేట నీళ్ళు తీసి డోస్ కాలిబ్రేటర్‌లో (రేడియో యాక్టివిటీ కొలిచే మిషన్‌లో) చూస్తే, మొత్తం యాక్టివిటీలో ఒక చెప్పుకోదగ్గ భాగం నీళ్ళలోనే ఉంది. సెంటినల్ నోడ్ పనికి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే గామా ప్రోబ్ టిన్ కొల్లాయిడ్‌ని చూపిస్తుంది, ఎంఆర్ఐ ఐరన్‌ని చూపిస్తుంది, రెండూ ఒకే నోడ్‌కి వెళ్ళాయని అనుకోవడానికి వీల్లేదు. సర్జన్‌కి ఇచ్చే జవాబు దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

పేషెంట్ ఒంట్లో ఈ ఎంజైమ్ గుణం ఏమన్నా చేస్తుందా అని అడిగేవాళ్ళకి 2007 పేపర్‌లోనే జవాబు సగం ఉంది. ఐరన్ ఆక్సైడ్‌కి పెరాక్సైడ్ కేఎం (సగం స్పీడ్ రావడానికి కావాల్సిన మోతాదు) 154 మిల్లీమోలార్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్‌కి 3.7. టీఎంబీ విషయంలో పార్టికలే మెరుగు, 0.098 మీద 0.434. అంటే పార్టికల్ పూర్తి స్పీడ్‌తో పనిచేయాలంటే పెరాక్సైడ్ విపరీతంగా కావాలి. రక్తంలో పెరాక్సైడ్ ఐదు మైక్రోమోలార్ ఉందనుకున్నా, అది కేఎంలో ముప్పై వేల వంతు, స్పీడ్ కూడా దాదాపు అంతే వంతు. పైగా దానికి నచ్చే పీహెచ్ 3.5 దగ్గర, రక్తం 7.4. మాక్రోఫేజ్ అనే రక్షణ కణం మింగి, దాని లోపలి లైసోజోమ్ అనే జీర్ణ సంచిలోకి పోతే పీహెచ్ ఐదు కిందికి దిగుతుంది, అక్కడ కథ కొంచెం వేరు, 2016లో ఫెరుమాక్సిటాల్ ఎలుకల్లో మాక్రోఫేజ్‌లని మార్చి ట్యూమర్ పెరుగుదలని తగ్గించిందని వచ్చిన పేపర్ అందుకే అంత చర్చకి వచ్చింది. కానీ అక్కడ కూడా పనిచేసేది ఐరన్. దానికి అంటించిన 5 నానోగ్రాముల టెక్నీషియం అందులో ప్రేక్షకుడు మాత్రమే, అది వెలుగు చూపించడానికి ఉంది, రియాక్షన్ నడపడానికి కాదు. నోడ్ చుట్టూ ఇంజెక్ట్ చేసేది మెగాబెకరెల్స్‌లో, గిగాబెకరెల్ కూడా కాదు.

అలాగని నేను ఈ రంగాన్ని తక్కువ చేయట్లేదు. తీసిన నోడ్‌ని స్లైడ్ మీద పెట్టి టీఎంబీ బదులు డీఏబీ అనే రంగు మారే కెమికల్ పోసి పార్టికల్ ఎక్కడ ఉందో గోధుమ రంగులో చూపించడం చక్కగా కుదిరే పని, అక్కడ పెరాక్సైడ్, పీహెచ్ మన చేతిలో ఉంటాయి, అప్పటికి టెక్నీషియం కూడా డికే అయిపోయి ఉంటుంది. ఒక్క జాగ్రత్త, రెడ్ సెల్స్‌లో హీమోగ్లోబిన్‌కి, న్యూట్రోఫిల్స్‌లో పెరాక్సిడేజ్‌కి కూడా డీఏబీ గోధుమ రంగే ఇస్తుంది, కాబట్టి పార్టికల్ ఎక్కించని నోడ్ ఒకటి పక్కన తప్పనిసరి, పర్ల్స్ స్టెయిన్ (ఐరన్‌ని చూపించే రంగు) కూడా చేసి రెండూ ఒకే చోట పడుతున్నాయో లేదో చూడాలి.

ప్రస్తుతం వాళ్ళ థీసిస్‌లో ఆ చాప్టర్ మారింది. స్విచ్ మాట తీసేసారు. గైడ్ గారు మొదట కొంచెం ఇబ్బంది పడ్డారు గానీ కోల్డ్ వయల్ గీతలు చూసాక ఆయనే "ఈ గ్రాఫ్ ముందు పెట్టండి" అన్నారు. ఇప్పుడు వాళ్ళు ప్రతి టెస్ట్‌కీ గీత మొత్తం ఇస్తున్నారు, ఆలస్యం ఒక నంబర్, స్పీడ్ ఇంకో నంబర్. హాట్, కోల్డ్, అదే వయసు కోల్డ్, పార్టికల్ లేని కిట్, ఫిల్టర్ చేసిన నీళ్ళు, ఇవన్నీ ఒకే రోజు, టెస్ట్ ముందూ తర్వాతా స్ట్రిప్, మాగ్నెట్ రెండూ.

టిన్ అసలు వాడకుండా చేయొచ్చా అన్నది తర్వాతి పని. ట్రైకార్బొనైల్ టెక్నీషియం దారిలో రిడ్యూస్ చేసేది బొరానోకార్బొనేట్, స్టానస్ ఉండదు, టెక్నీషియం ప్లస్ 1లో గట్టిగా కూర్చుంటుంది. దానికి పార్టికల్ మీద హిస్టిడిన్ లాంటి పట్టు ఒకటి కట్టాలి, ఆ కోటింగ్ ఎంత ఐరన్‌ని మూసేస్తుందో చూడాలి, పెరాక్సైడ్‌లో ఎన్ని నిమిషాలు నిలబడుతుందో స్ట్రిప్ మీద చూడాలి. పార్టికల్స్ కొత్త బ్యాచ్ వచ్చింది, జెనరేటర్ వచ్చే వారం మారుతుంది, మొదటి వయల్ కోల్డ్‌దే చేయమని చెప్పాను.